గోవా ప్లాన్ క్యాన్సిల్ అయింది, సముద్రం కాలేదు

సెమిస్టర్ ఆఖరి పరీక్షకి ఇంకా రెండు రోజులుందనగా ప్రతి బ్యాచ్‌లోనూ ఒక కొత్త వాట్సాప్ గ్రూపు పుడుతుంది. పేరు "గోవా లోడింగ్" అనో, "ఈసారి పక్కా" అనో ఉంటుంది. మొదటి రోజు 14 మంది ఉంటారు. రైలు టికెట్ల రేట్లు స్క్రీన్‌షాట్ పెట్టగానే 9 మంది అవుతారు. రూముల రేట్లు పెట్టాక 6 మంది. ఇంట్లో అడిగే రోజు వచ్చేసరికి 4 మంది మిగులుతారు. ఆ నలుగురూ "అందరూ లేకుండా ఏం వెళ్తాంలే" అనుకుని ఊళ్లకి బస్సెక్కేస్తారు. ఇది మన కాలేజీ కథే కాదు, తెలుగు దేశంలో బీటెక్ ఉన్న ప్రతి ఊరి కథా ఇదే.

అందరూ దీని మీద మీమ్స్ చేసుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఎప్పట్నుంచో ఒక మాట చెప్పాలని ఉంది. ఆ ప్లాన్ ఆగిపోతోంది మన బద్ధకం వల్ల కాదు. మనం ప్రశ్నని తలకిందులుగా వేసుకుంటున్నాం కాబట్టి ఆగిపోతోంది. "ఎక్కడికి వెళ్దాం?" అని మొదలుపెడితే సగం మంది రాలిపోతారు. "ఎవరెవరం వెళ్దాం?" అని మొదలుపెడితే ఊరు దానంతట అదే దొరుకుతుంది.

ముందే చెప్పేస్తున్నా, మాది బాపట్ల పక్క ఊరు. సముద్రం దగ్గరి వాణ్ణి కాబట్టి పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

గోవా మీద నాకు కోపమేమీ లేదు. 2018లో వచ్చిన "ఈ నగరానికి ఏమైంది" చూసిన తరం మనది. నలుగురు ఫ్రెండ్స్, ఒక రాత్రి తాగుడు, తెల్లారి చూస్తే గోవా. ఆ సినిమా మనకి ఇచ్చింది ఊరు కాదు, స్నేహం ఎలా ఉండాలో ఒక బొమ్మ. మనం ఆ బొమ్మలోంచి ఊరు పేరు ఒక్కటే పట్టుకున్నాం. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి గోవా అంటే సముద్రం కూడా కాదు, అక్కడి బాటిల్ రేటు.

సరే, అది పక్కన పెడదాం. క్యాలెండర్ చూడండి. మనకి సెలవులొచ్చేది మే ఆఖర్లోనో జూన్‌లోనో. గోవాకి నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి వారంలో వచ్చేస్తాయి. మే నెలాఖరుకల్లా అక్కడ ఇసుక మీద వేసిన షాక్‌లు విప్పేయడం మొదలవుతుంది. వానాకాలమంతా అరేబియా సముద్రం పోటెత్తి ఉంటుంది, నీళ్లలోకి దిగొద్దని ఎర్ర జెండాలు పెడతారు. వానలో గోవా అందంగా ఉంటుంది, కాదనను. కానీ మీరు రీల్స్‌లో చూసి వెళ్దామనుకున్న గోవా డిసెంబరుది. జూన్‌లో వెళ్తే మీకు దొరికేది వేరే గోవా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఆ 14 మందిలోంచి రాలిపోయిన పది మంది ఎవరు? ఒకడు "ఇంట్లో పనుంది మామా" అంటాడు. ఇంట్లో పనేం ఉండదు. నాన్న ఫీజు కట్టడానికే రెండు చోట్ల అప్పు చేశాడని వాడికి తెలుసు. ఆ మాట గ్రూపులో చెప్పలేడు, మనం అడగం. క్లాసులో అమ్మాయిల సంగతి ఇంకోలా ఉంటుంది. మా క్లాసమ్మాయి ఒకసారి సూటిగా చెప్పింది: "గోవా అని మా ఇంట్లో అంటే ట్రిప్ సంగతి తర్వాత, ముందు ఫోన్ లాక్కుంటారు. అదే వైజాగ్ అంటే మా పిన్నివాళ్లు గాజువాకలో ఉన్నారు కదా అని అమ్మే బ్యాగు సర్దుతుంది." ఊరి పేరు మారితే చాలు, ఒక మనిషి మనతో రాగలదు. ఇంత చిన్న లెక్క మనకెందుకు తట్టదు?

కాబట్టి నా సలహా ఇది. గ్రూపులో మొదటి పోల్ ఊరి మీద పెట్టకండి. డబ్బు మీద పెట్టండి, అదీ పేర్లు కనపడకుండా. ప్రతి ఒక్కరూ తమ వల్ల అయ్యే మొత్తాన్ని చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. అందులో అన్నిటికంటే తక్కువ ఉన్న అంకెే మీ ట్రిప్ బడ్జెట్. సగటు తీయకండి. సగటు తీస్తే తక్కువ రాసినవాడు మళ్లీ "ఇంట్లో పనుంది" అంటాడు. పోయిన వేసవిలో మా బ్యాచ్ ఇలాగే చేసింది. చీటీల్లో అతి తక్కువది 2,000 రూపాయలు. అందులోనే తొమ్మిది మందిమి రెండు రోజులు సూర్యలంకలో ఉండి వచ్చాం. స్లీపర్ క్లాసు, షేర్ ఆటో, మా ఇంట్లో ఒక పూట భోజనం. ఎవడూ ఎవడికీ బాకీ లేడు. తిరిగొచ్చాక స్ప్లిట్‌వైజ్ గొడవలు లేని ట్రిప్ నేను చూసింది అదొక్కటే.

డబ్బు తేలాక ఊరు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో బట్టీ పట్టాం కదా, ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లు అని. ఆ అంకె పరీక్షలో ఒక మార్కు కోసం కాదు, ఇదిగో ఇప్పుడు పనికొస్తుంది. అందులో ప్రతి చోటా ఒకే రకం సముద్రం ఉండదు. మీ గుంపుకి ఏది కావాలో దాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి వెళ్తుంటే, మొదటిసారి ఇంట్లో ఒప్పించాలంటే వైజాగే నయం. రాత్రి ఎనిమిదింటికి కూడా జనం ఉంటారు, వెలుతురుంటుంది, బస్సులుంటాయి. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, ఆ తర్వాత మ్యూజియంగా ఒడ్డుకెక్కింది. అంత ఇరుకులో అన్ని పైపులు, వాల్వులు ఎలా అమర్చారో చూస్తే మెకానికల్ వాళ్లు ఒక గంట బయటికి రారు. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కణ్ణుంచి భీమిలి రోడ్డు పట్టుకుంటే తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల పాత సమాధులు. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లలో గాలీ వానా సముద్రమూ కలిసి చేసినవి. మన రీల్ కోసం వాటి అంచులెక్కి విరగ్గొట్టక్కర్లేదు.

డబ్బు తక్కువ, గోల తక్కువ, ఇసుక ఎక్కువ కావాలంటే మా వైపు రండి. బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంక ఆటో దూరం. చీరాల నుంచి వాడరేవు కూడా అంతే. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన లైను మీదే ఉన్నాయి రెండు ఊళ్లూ. చీరాలలో దిగినవాళ్లు ఒక పూట మగ్గాలున్న వీధుల్లోకి కూడా వెళ్లండి. అమ్మకి చీర కొనే డబ్బులుండవు మనకి, కానీ చీర ఎలా పుడుతుందో చూసి రావచ్చు.

చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి బందరు. ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తకానికి దిగిన రేవు అది. పక్కన మంగినపూడి తీరం, నల్లమట్టి నేల. ఇంకో పక్క పెడనలో కలంకారీ అద్దకం. వచ్చేటప్పుడు బందరు లడ్డు ఎలాగూ ఉంది. ఉత్తరాంధ్ర దాకా వెళ్లగలిగితే వంశధార కలిసే చోట కళింగపట్నం, దాని పాత లైట్‌హౌసు. కాకినాడ దగ్గర ఉప్పాడ కూడా చూడండి, కానీ స్నానానికి కాదు. సముద్రం ఊరిని ఏటా కొంచెం కొంచెంగా ఎలా తింటుందో చూడ్డానికి. తీరం కోత అని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో మూడు లైన్లు రాస్తాం. అక్కడ ఆ మూడు లైన్లలో ఇళ్లు ఉంటాయి.

ఊరు తేలింది. ఇప్పుడు "ఎలా" అన్నది ఉంది. నా దృష్టిలో ఊరి కంటే ఇదే పెద్ద ప్రశ్న.

మొదటిది టైము. గోవాది సూర్యాస్తమయపు సముద్రం, మనది సూర్యోదయపు సముద్రం. అక్కడ రోజు సాయంత్రం మొదలైతే ఇక్కడ తెల్లవారుజామున మొదలవుతుంది. మే నెలలో మా వైపు ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది. ఎనిమిదిన్నర దాటాక ఇసుక మీద కాలు పెట్టలేరు. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి గాలి తిరిగితే బతికిపోతాం. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున ఆ చల్లగాలి సాయంత్రం దాకా లోపలికి రాదు, ఒడ్డున కూడా వడ కొడుతుంది. కాబట్టి పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు సముద్రం. మధ్యలో నీడ, మజ్జిగ, నిద్ర. హాస్టల్లో పదింటికి లేచే అలవాటుతో వచ్చి "ఏముంది రా ఇక్కడ, ఎండ తప్ప" అనకండి. మీరు లేచేసరికి ఆ రోజు ఆట అయిపోయింది, అంతే.

రెండోది తిండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు కట్టేస్తారు. అంటే మన వేసవి సెలవుల్లో చాలా రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. బోర్డు మీద "ఇప్పుడే పట్టిన చేప" అని రాసి ఉంటే ఒకసారి అడిగి తినండి. మోటారు లేని పడవలవాళ్లు తెచ్చేది ఉంటుంది, కొంచెమే ఉంటుంది. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లలో రాబడి తక్కువ. కాబట్టి ఒడ్డున బజ్జీలు, ముంజెలు, మొక్కజొన్న కంకులు అమ్మే అక్క దగ్గర పది రూపాయలకి బేరమాడకండి.

మూడోది నీళ్లు. ఇక్కడ నేను జోకులు ఆపేస్తాను.

2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక్కసారిగా వదిలిన డ్యాము నీళ్లకి కొట్టుకుపోయారు. 2022 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక తీరానికి పరీక్ష రాసి సరదాగా వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు అలల్లో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందరూ మన వయసువాళ్లే, మన సిలబస్సే. ట్రిప్ అనగానే మన ఇళ్లలో అమ్మ ముఖం మారిపోవడానికి కారణం చాదస్తం కాదు. ఆ వార్తలు వాళ్లు మర్చిపోలేదు, మనకి తెలియవు.

సముద్రంలో మనుషులు ఎక్కువగా పోయేది పెద్ద అలల వల్ల కాదు, లోపలికి లాగే ప్రవాహం వల్ల. ఇంగ్లీషులో రిప్ కరెంట్ అంటారు. ఇది మీకు అర్థం కావడం చాలా తేలిక, ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివారు కదా. అలలు నీళ్లని ఒడ్డుకి తోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లు ఎక్కడో ఒక చోట వెనక్కి పోవాలి. నీటి అడుగున ఇసుక దిబ్బలుంటాయి. వాటి మధ్య సందు ఎక్కడుంటే అక్కణ్ణుంచి అన్నీ కలిసి పోతాయి. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది, అదే కంటిన్యుటీ ఈక్వేషన్. ఆ వేగం కొన్నిసార్లు సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. ప్రపంచంలో అందరికంటే వేగంగా ఈదేవాడు 100 మీటర్లు ఈదడానికి 46 సెకన్లు పైనే పడుతుంది. అంటే వాడు కూడా దానికి ఎదురు ఈది గెలవడం కష్టం. మన హాస్టల్ వీరులెంత?

ఇంకో మోసం ఉంది. ఆ సందు మీద అలలు సరిగ్గా విరగవు. పక్కనంతా నురగ ఉంటుంది, అక్కడ మాత్రం నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. ఈత రానివాడు "ఇక్కడ అలలు లేవు రా, సేఫ్" అని సరిగ్గా అక్కడే దిగుతాడు.

అది పట్టుకుంటే మనిషిని కిందికి లాగదు, దూరంగా లాగుతుంది. ఒడ్డు వైపు ఈదితే అలసిపోయి మునుగుతాం. వెల్లకిలా తేలాలి, చెయ్యి పైకెత్తాలి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగాలి. ఆ ఇరుకు దాటాక అలలే మళ్లీ ఒడ్డుకి తెస్తాయి. ఫ్రెండు కొట్టుకుపోతుంటే వెనకాల దూకకండి. ఒకరి కోసం ఇంకొకరు దిగడం వల్లే ఒకే ఇంటికి కాకుండా నాలుగిళ్లకి కబురు వెళ్తుంది. మూత బిగించిన ఖాళీ డబ్బా, బంతి, తాడు, తేలేది ఏదైనా సరే విసరండి. అరిచి గజ ఈతగాళ్లని పిలవండి, 112కి ఫోన్ చేయండి. ఈ మాటలు ఈత నేర్పవు, కానీ ఏ పని చేయకూడదో చెప్తాయి.

వెళ్లే ముందు రోజు ఇన్‌కాయిస్ వెబ్‌సైటు ఒక్కసారి చూడండి. దేశం మొత్తానికి సముద్రం ఎలా ఉంటుందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో, సునామీ వస్తుందో లేదో చెప్పే సంస్థ అది. ఎక్కడుందో తెలుసా? సముద్రమే లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో. అక్కణ్ణుంచి మత్స్యకారులు హెచ్చరికలు అందుకుంటారు, మనం మాత్రం అదే రోడ్డు మీదుగా వెళ్లి ట్రిప్ ఎక్కేస్తాం. మే నెల తుఫానుల నెల కూడా. 2022 మేలో అసని తుఫానప్పుడు శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చిన వీడియో అందరం ఫార్వర్డ్ చేశాం. రథాన్ని తెచ్చిన సముద్రం మనిషిని తీసుకెళ్లలేదా? హెచ్చరిక ఉన్న రోజున టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు, ఆగిపోండి. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని మా ఊళ్లో చదువురాని ముసలమ్మ కూడా చెప్తుంది. ఆ తిథులు చూసుకోవడం మూఢనమ్మకం కాదు, ఫిజిక్స్.

తాగి నీళ్లలో దిగకండి. ఈ ఒక్క వాక్యానికి వివరణ రాయను.

నాలుగోది అబద్ధం. "ప్రాజెక్టు పని మీద ఫ్రెండ్ రూముకి వెళ్తున్నా" అని చెప్పి సముద్రానికి వెళ్లేవాళ్లు మనలో చాలామంది. నీతులు చెప్పను. కానీ ఒక్క ప్రశ్న. ఏదైనా జరిగితే, మీరు ఏ ఊళ్లో ఉన్నారో మీ ఇంట్లో ఒక్కరికి కూడా తెలియకపోతే ఎలా? నాన్నకి చెప్పలేకపోతే అక్కకి చెప్పండి, బాబాయికి చెప్పండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఎక్కడ ఉంటారు, ఏ బండికి వస్తారు అన్న మూడు ముక్కలు. అసలు నా అనుభవంలో, లైఫ్‌గార్డు ఉన్న చోటే దిగుతామనీ, చీకటి పడితే గదికి వచ్చేస్తామనీ వివరంగా చెప్తే ఇంట్లో ఒప్పుకునే అవకాశాలే ఎక్కువ. వాళ్లు వద్దనేది ట్రిప్‌ని కాదు, మన "చూద్దాంలే" అన్న ధోరణిని.

దీనికి ఎదురు వాదన కూడా నాకు తెలుసు. "మన బీచ్‌ల్లో ఏముంది రా? బట్టలు మార్చుకోడానికి గది లేదు, బాత్రూమ్ లేదు, అమ్మాయిలు నీళ్లలో దిగితే పది మంది నిలబడి చూస్తారు. గోవాలో ఎవడి పని వాడిది." ఇందులో ప్రతి మాటా నిజమే, మా ఊరి తీరం గురించి కూడా. కొన్ని చోట్ల లైఫ్‌గార్డు అసలే ఉండడు. అందుకే అమ్మాయిలు ఉన్న గుంపు నిర్మానుష్యమైన చోటు కాకుండా కుటుంబాలు వచ్చే చోటు ఎంచుకోవాలన్నాను. కానీ ఇంకో మాట. తీరంలో కుర్రాళ్లు మాత్రమే, అదీ సీసాలతో మాత్రమే కనిపిస్తే, అక్కడ బాత్రూమ్ కట్టాలని ఏ పంచాయతీకి అనిపిస్తుంది? అమ్మాయిలు, కుటుంబాలు, అన్ని రకాల జనం వచ్చే చోటే గదులు, దీపాలు, కాపలా వస్తాయి. చూసే ఆ పది మందిలో మనవాడు ఒకడు ఉంటే వాడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగడం మన పని. పగలగొట్టిన సీసా పెంకు ఇసుకలో కనపడదు. రేపు పొద్దున్న వల లాగే మనిషి పాదానికే కనిపిస్తుంది.

బీటెక్‌లో మనకి దొరికేవి మూడే వేసవులు. మూడోది ఇంటర్న్‌షిప్ తినేస్తుంది. నాలుగో ఏడు అయ్యాక ఎవడు బెంగళూరో, ఎవడు డల్లాసో, ఎవడు ఇంట్లో ఉండి గ్రూప్స్ చదువుతాడో తెలియదు. జీతాలొచ్చాక గోవా ఎప్పుడైనా వెళ్లొచ్చు, అక్కడి సముద్రం ఎక్కడికీ పోదు. కానీ చీటీ మీద 2,000 రాసిన వాడూ, పిన్నివాళ్ల ఊరైతేనే రాగలిగే అమ్మాయీ, మీరూ ఒకే ఒడ్డున, ఒకే అలలో నిలబడే వేసవి మళ్లీ రాదు. ఈసారి ఖరీదైన సముద్రాన్ని కాదు, అందరం చేరుకోగలిగే సముద్రాన్ని ఎంచుకుందాం. ఎంతమంది వెళ్లామో అంతమందిమీ తిరిగొద్దాం.